పద్దెనిమిది ఫ్లెక్సీల ద్రౌపది

పాండవులు అయిదుగురే. పుత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పలక పట్టని పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. తెలియనిదల్లా రూపశ్రీ ముందున్న కంప్యూటర్‌కే. అడవిలో నడిచిపోతున్న అయిదుగురు అన్నదమ్ముల బొమ్మ వేయమంటే ఒకసారి ఆరుగురిని వేసింది. ఇంకోసారి నలుగురినే వేసి, నాలుగోవాడికి రెండు విల్లులు తగిలించింది. నకుల సహదేవులను పక్కపక్కన నిలబెట్టమంటే ముగ్గురు కవలలను పుట్టించింది. కుంతీదేవికి కూడా దొరకని వరం దీనికి ఎవరిచ్చారో అని రూపశ్రీ తల పట్టుకుంది.

ఆమె పుత్తూరు బజారులో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, పెద్దకర్మలు, నాయకులకు స్వాగతాలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఈసారి వచ్చింది మాత్రం ఆరు మైళ్ళ దూరంలోని ఆమె సొంత ఊరి పని. ఆషాఢ శ్రావణాల నడుమ వచ్చే ఆడి నెలలో అక్కడ ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఏ రోజు కథ ఆ రోజుదే. రోజుకొక ఫ్లెక్సీ చొప్పున పద్దెనిమిది ఫ్లెక్సీలు కావాలని ఉత్సవ కమిటీ పెద్ద మునిప్రసాద్ స్వయంగా వచ్చి చెప్పాడు.

"పోయినేడు నవ్వులపాలైపోయినాము రూపా. ఎవడో తిరుపతిలో చేసిచ్చినాడు. ఏడో రోజు భీముడికి మీసం ఉండాది, ఎనిమిదో రోజు లేదు. ముసలోళ్ళంతా ఒకటే నగడం, రాత్రికి రాత్రి క్షవరం యాడ చేయించుకున్నాడప్పా ఈయన అని. ఈసారి పద్దెనిమిది రోజులూ ఎవురి ముఖం వాళ్ళకే ఉండాల."

"ఏఐలో చేస్తాను మామా. టైము పడతాది, అంతే."

మునిప్రసాద్ లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇంకొక మాట. మీ నాయనకు ఇప్పుడే చెప్పొద్దు. పోయినేడు సభలో మోకాలు పట్టుకోని కూలబడిపోయినాడు కదా. చీర లాగాల్సిన దుశ్శాసనుడే చంకల కింద చేతులేసి లేపినాడు. పిలకాయలు ఈలలేసినారు. నాకే కడుపు తరుక్కుపోయింది. తిరుపతిలో రేవతి అని ఒక పాప ఉండాది, నాట్యం నేర్చుకున్నింది. ఈసారి ద్రౌపది వేషం ఆ పాప చేత కట్టిస్తామని కమిటీలో అనుకున్నాము. నువ్వు ఫ్లెక్సీలో ద్రౌపదిని బాగా చిన్న పాపగా, సినిమా మాదిరి చెయ్యి. జనం కండ్లకు అలవాటైపోతాది. అప్పుడు మీ నాయనకు నిదానంగా చెప్తాము."

వాళ్ళ ఊరి భారతంలో ఆడవేషాలు మగవాళ్ళే కడతారు. రూపశ్రీ తండ్రి ఏకాంబరం ముప్పై ఏళ్ళుగా ద్రౌపది. ఆయన చేత వేషం మాన్పించడానికి ఆయన కూతురి చేతే బొమ్మలు వేయించడం అన్యాయమని ఆమెకు తెలియక కాదు. తెలిసే తల ఊపింది.

ఎందుకు ఊపిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడేదే అయినా. ఏకాంబరానికి సవరాలు, టోపాలు పనికిరావు. సొంత జుట్టే నడుము దాకా పెంచాడు. ఏడాది పొడుగునా దాన్ని ముడేసి, పైన తువ్వాలు చుట్టుకుని వేరుశనగ చేలో పనిచేసుకునేవాడు. బడిలో కొత్తగా వచ్చిన అయ్యవారు "నీ తండ్రి పేరేమిటమ్మా" అని అడిగితే, రూపశ్రీ నోరు తెరిచేలోపు క్లాసంతా "ద్రౌపది సార్" అని అరిచింది. అయ్యవారు కూడా నవ్వాడు. ఆమె ఆ రోజు ఇంటికి వచ్చి, ఇకమీదట బడి దగ్గరికి రావద్దని తండ్రితో చెప్పేసింది. ఆయన ఎందుకని అడగలేదు, రానూ లేదు. పదో తరగతి తర్వాత ఆమె భారతం చూడటం కూడా మానేసింది. ఉత్సవం వచ్చిందంటే ఏదో ఒక వంక పెట్టుకుని తిరుపతిలో పిన్నమ్మ ఇంట్లో ఉండిపోయేది. ఇంత వయసొచ్చాక ఆ సిగ్గు పోయిందనే అనుకుంది. మునిప్రసాద్ మాట విన్నప్పుడు లోపల ఏదో తేలికపడింది చూడండి, అప్పుడు తెలిసింది పోలేదని.

పనిలో పడింది. ఏఐతో వచ్చిన చిక్కేమిటంటే దానికి నిన్న ఉండదు. నిన్న అది వేసిన భీముడే ఇవాళ దానికి ముక్కూమొగం తెలియని మనిషి. మతిమరుపు ముసలి జేజికి ఇంటికొచ్చిన చుట్టాలను పొద్దుకొకసారి పరిచయం చేసినట్టు ప్రతి బొమ్మకూ మొదటినుంచీ చెప్పుకోవాలి. అందుకని ఒక్కొక్కరికి ఒక నమూనా కాగితం తయారుచేసింది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు బొమ్మలు. ధర్మరాజుకు తెల్లపంచె, భీముడికి ఆకుపచ్చ, అర్జునుడికి నీలం. సహదేవుడి ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టింది, కవలలు కలిసిపోకుండా. అందరినీ ఒకేసారి అడగకుండా ఒక్కొక్కరినే వేయించి, కత్తిరించి, ఒకచోట నిలబెట్టి, చివర్లో వెలుగునీడలు సరిచేసింది. ద్రౌపదికి ఒక ముఖం కల్పించింది. పచ్చని ఛాయ, పెద్ద కళ్ళు, మోకాళ్ళ దాకా జడ, జడనిండా మల్లెపూలు. ముఖం జారిపోకూడదని, జడ కూడా జారిపోకూడదని, ఆ నమూనానే పద్దెనిమిది బొమ్మలకూ గట్టిగా బిగించింది.

రెండు వారాలకు పని ముగిసింది. భీముడు మొదటి రోజు నుంచి పట్టాభిషేకం దాకా భీముడే. షాపు ఓనరు గిరిప్రసాద్ చూసి, "నీ చేతిలో ఏదో ఉండాది మే" అన్నాడు. ప్రింటుకు పంపడమే మిగిలింది.

మరుసటి రోజు మధ్యాహ్నం, గిరిప్రసాద్ భోజనానికి పోయిన వేళ, ఏకాంబరం షాపుకు వచ్చాడు. గట్టు మీద జారి మోకాలు మళ్ళీ పట్టేసింది. కట్టు మార్పించుకోవడానికి వచ్చి, బస్సుకు ఇంకా టైముందని కూతుర్ని చూసిపోదామనుకున్నాడు. వెదురు బద్దలు పెట్టి కట్టిన కాలు ముందుకు చాపుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"మనూరి బొమ్మలు చేస్తాండావంట కదా. సూపీ."

చూపించక తప్పలేదు. ఒక్కొక్కటే తెరమీదికి తెచ్చింది. ఆయన కళ్ళు చిట్లించి, వేలుపెట్టి లెక్కపెట్టి మరీ చూశాడు.

"ఓరి! సహదేవుడి మచ్చ యాడా పోలేదే! భీముడు సూడు, అన్నం తినేకాడా భీముడే, కొట్లాడేకాడా భీముడే. అబ్బా, ఎట్ల చేసినావు మే?"

ఆయన మెచ్చుకుంటుంటే ఆమెకు సంతోషం, భయం రెండూ కలిసి వచ్చాయి. ద్రౌపది ముఖం చూసి ఏమంటాడో అని ఎదురుచూసింది. ఆయన తర్వాతి బొమ్మ చూపించమని చెయ్యి ఊపాడు. ఎనిమిదో రోజు వస్త్రాపహరణం వచ్చింది. తొమ్మిదో రోజు అడవి. విరాటుడి కొలువు. యుద్ధం. ఆయన మెచ్చుకోవడం ఆపేశాడు. పదిహేడో బొమ్మ ద్రౌపది బిడ్డల చావు; వాళ్ళ ఊరి నాటకంలో అది దుర్యోధనుడు పడే ముందు రాత్రే వస్తుంది. అక్కడ ఆయన తెరకు దగ్గరగా వంగాడు.

"ఈమెకు జడ ఎవురేసినారమ్మా?"

రూపశ్రీ వెనక్కి ఎనిమిదో బొమ్మ దాకా తిప్పి చూసింది, అన్నిట్లోనూ జడే.

సభలో దుశ్శాసనుడు జుట్టు పట్టి ఈడ్చిన రోజు నుంచి, పద్దెనిమిదో రోజు పొద్దున పడుకళంలో, అంటే యుద్ధభూమిగా మార్చిన ఊరి బయల్లో, దుర్యోధనుడు పడేదాకా, ద్రౌపది జుట్టు ముడవదు. ఊళ్ళో అది కథ మాత్రమే కాదు. వేషం కట్టినవాడు కూడా ఆ పదిరోజులూ ముడవడు. నూనె రాయడు, ఒంటిపూట భోజనం మాత్రమే చేస్తాడు. చిన్నప్పుడు ఆ పదిరోజులూ తండ్రి జుట్టు విరబోసుకుని ఇంటి ముందర మౌనంగా కూర్చునేవాడు. అమ్మ నాగరత్నమ్మ ఆయన ముందు విస్తరి పెట్టి, గుడిలో పెట్టినట్టే దూరంగా జరిగేది. రూపశ్రీ ఆ వాకిలి దాటి బడికి పోవడానికి సిగ్గుపడి దొడ్డిదారిన పోయేది. జిల్లా మొత్తంలో ఈ సంగతి మరిచిపోవడానికి వీల్లేని మనిషి ఒకరుంటే అది ఆమే. ఆమే మరిచిపోయింది. జారిపోకూడదని పద్దెనిమిది బొమ్మల్లోనూ జడేసి, పైగా మల్లెపూలు పెట్టింది.

"నమూనాలో జడ పెట్టేసినాను నాయనా. అన్నిట్లోనూ ఒకే మాదిరి రావాలని..."

"అయిదుగురు ఒకే మాదిరి ఉండారు, మంచిదే. ఈమె మాత్రం యాడుండాదమ్మా ఒకే మాదిరి? పెండ్లినాడు ఉన్నింది, సభలో చచ్చిపోయింది, అడవిలో మళ్ళా లేసింది. అయిదుగురు బిడ్డలు పోయినాక కూడా ఇదే ముఖమా?" ఏకాంబరం గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది.

అప్పటికప్పుడు సరిచేస్తానని జుట్టు విరబోయించింది. కంప్యూటర్ షాంపూ ప్యాకెట్టు మీది అమ్మాయిని తెచ్చి పెట్టింది. గాలికి జుట్టు ఎగురుతోంది, పెదవుల మీద చిరునవ్వు. ఏడవమని చెబితే ముఖమే మార్చేసి ఇంకెవరినో తెచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అవుతోంది.

ఏకాంబరం కాసేపు చూశాడు. "దానికి తెలీదు పాపం. ఎవురూ సూపించలేదు కదా" అన్నాడు. తల మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముడి విప్పాడు. జుట్టు పలచబడింది, సగం నెరిసింది, అయినా నడుము దాకా వచ్చింది. "ఫోటో తియ్యి. సభ."

స్టూలు మీద నుంచి లేవలేదు. మెడ ఒక పక్కకు వాల్చాడు, ఎవరో జుట్టు పట్టుకుని ఉన్నట్టు. కళ్ళు మాత్రం ఎత్తి ఎదురుగా చూశాడు. షాపులో ఎవరూ లేకపోయినా ఎదురుగా సభంతా కూర్చుని ఉన్నట్టు రూపశ్రీకి అనిపించింది. ఆమె ఫోటో తీసింది.

"అడివి," అన్నాడు. అడవిలో ద్రౌపది భుజాలు నిటారుగా ఉన్నాయి. "విరాటుడి కొలువు. ఈడ పనిమనిషి కదా, కొంగు కప్పుకుంటాది. కొంగు కింద విరబోసుకోనే ఉంటాది." తువ్వాలే కొంగైంది. "బిడ్డలు పోయినారు." ఈసారి ఆయన ఏమీ చేయలేదు. ముఖంలోంచి అన్నీ తీసేసి ఊరికే కూర్చున్నాడు. ఒక్క ఫోటో తీసి, ఇక చూడలేక రూపశ్రీ ఫోను దించేసింది.

నాలుగు ముఖాలూ నాలుగు రకాలు. అయినా మనిషి ఒక్కతే. ఇన్నేళ్ళు ఊరంతా చూసినదాన్ని తాను మాత్రం దొడ్డిదారిన తప్పించుకుపోయిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే దాచినదంతా చెప్పేసింది. మునిప్రసాద్ వచ్చింది, రేవతి సంగతి, తాను తల ఊపింది, అన్నీ. "నేనే సరేనన్నాను నాయనా" అన్నది.

ఏకాంబరం జుట్టు ముడేసుకోబోయాడు, వేళ్ళు కుదరలేదు, ముడి జారిపోయింది. రోడ్డు మీద ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చి పోయింది. అప్పుడు అడిగాడు.

"ఆ పాప ఫోటో ఉండాదా?"

మునిప్రసాద్ వాట్సాప్‌లో పంపినవి చూపించింది. ఆయన ఒక్కొక్కటీ నిదానంగా చూశాడు.

"ఈ పాప ముఖమే పెట్టు."

"వద్దు నాయనా! నీ ఫోటోలతోనే చేస్తాను. నీ ముఖం ఫ్లెక్సీ మీదికి ఎక్కినాక నిన్ను తీసేసే ధైర్యం ఎవురికుంటాది?"

"అందుకే వద్దంటాండాను. పొద్దున బొమ్మలో నన్ను సూసి, రాత్రి నాటకంలో ఆ పాప వస్తే జనం ఒప్పుకుంటారా? ఈలలేస్తారు. నాకేసినారు, తట్టుకున్నాను. ఆ బిడ్డ ఏం పాపం చేసింది?" మోకాలి కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇది నిలబడదని నాకు మాత్రం తెలీదా? ఎవురన్నా అడుగుతారేమో, మా కష్టం ఇదప్పా అని చెప్తారేమో అని సూస్తాండాను. దాచిపెడతారని అనుకోలేదు."

ఆ మాట మునిప్రసాద్‌కే కాదు, తనకూ తగిలిందని రూపశ్రీకి తెలుసు. తల దించుకుంది.

"నా ముఖంలో ఉండేది తీసి ఆ పాప ముఖంలో పెట్టేదానికి నీ మిషన్‌తో అవుతాదా?"

"సూస్తాను" అన్నది.

తేలిగ్గా కాలేదు. రెండు ఫోటోలూ కలిపి ఇస్తే రేవతికి ఏకాంబరం దవడ వచ్చింది, గడ్డం నీడ వచ్చింది. ఇంకోసారి రేవతి రేవతిగానే ఉండి, ఏడుపు జలుబులా వచ్చింది. మూడు రోజులు కూర్చుంది. చివరికి దానికి చెప్పే పద్ధతి దొరికింది. మొదటి ఫోటోలో నుంచి మనిషిని తీసుకో, రెండో ఫోటోలో నుంచి ఆ మనిషికి జరిగినదాన్ని మాత్రమే తీసుకో. మెడ వాలిన తీరు, కళ్ళు ఎత్తిన తీరు, భుజాల బరువు. ఎనిమిదో బొమ్మ నుంచి జడ లేదు, పూలు లేవు. పదిహేడు దాకా అంతే. పదిహేడో బొమ్మ వచ్చినప్పుడు గిరిప్రసాద్ వెనక నిలబడి చూసి, ఫ్యాను స్పీడు పెంచి పోయాడు.

ఏకాంబరం మునిప్రసాద్ ఇంటికి తానే పోయాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ ఆయనతో, "పాపను పంపీ అబ్బా, పదిరోజులు నా దగ్గరికి" అని మాత్రం చెప్పి వచ్చాడు. రేవతి పొద్దున్నే తిరుపతి బస్సులో వచ్చి సాయంత్రం పోయేది. నడక, నిలబడే తీరు, పద్యం మధ్యలో ఊపిరి ఎక్కడ పట్టాలో, అన్నీ కూర్చునే నేర్పించాడు. జుట్టు సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల బెదిరింది. "కాలేజీకి కూడా అట్లనే పోవాల్నా?" అని అడిగింది. "అది నీ ఇష్టం తల్లీ. ముడిస్తే ఎవురూ కొట్టరు" అన్నాడు. నేర్పడం ముగిసిన శనివారం కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. నున్నటి తలతో గడప దాటిన మొగుణ్ణి చూసి నాగరత్నమ్మ లోపలికి పోయి పొయ్యి దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

ఈసారి ఉత్సవానికి రూపశ్రీ షాపులో సెలవు పెట్టింది. పదకొండేళ్ళ తర్వాత పద్దెనిమిది రోజులూ ఊళ్ళోనే ఉంది. పద్దెనిమిదో రోజు పొద్దున ఎండ ముదరకముందే జనం పడుకళానికి చేరారు. బయలు నిండా పొడుగ్గా పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు, చుట్టూ తాడు కట్టి ఆపిన జనం, తాడు పక్కన వరుసగా పద్దెనిమిది ఫ్లెక్సీలు. పదిరోజుల నుంచి రేవతి నిజంగానే జుట్టు ముడవలేదు. హాస్టల్లో అడిగినవాళ్ళకు మొక్కుబడి అని చెప్పిందట. డప్పులు మోగాయి. దుర్యోధనుడి తొడ పగిలింది. జుట్టు ముడుచుకోవడానికి రేవతి జనం మధ్యలోంచి వచ్చింది. మెడ కొంచెం వాలి ఉంది, కళ్ళు ఎత్తి ఉన్నాయి.

ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ముసలామె దేవకమ్మ పదిహేడో ఫ్లెక్సీ వైపు, ఆ పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. రూపశ్రీ చెయ్యి పట్టుకుంది. "ఈ బిడ్డ ఎవురో ఏమో నాకు తెలీదు గానీ, వచ్చింది మా తల్లే మే" అన్నది. చుట్టూ చేతులు లేచాయి. హారతులు వెలిగాయి.

రూపశ్రీ తండ్రి కోసం వెతికింది. దూరంగా ఎక్కడో కూర్చుని ఉంటాడని, పోయి పక్కన కూర్చోవాలని అనుకుంది. ఆయన కూర్చోలేదు. తాడును ఆనుకుని, కట్టు కట్టిన కాలి మీద బరువు పడకుండా ఒంగి, రెండు చేతులూ జోడించి జనంలో ఒకడిగా నిలబడి ఉన్నాడు. గుండు మీద ఎండ పడుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. ముప్పై ఏళ్ళు ఊరంతా ద్రౌపదికి ఎదురుగా నిలబడి దండం పెట్టింది. ఆయనకు మాత్రం ఆ వీలు లేకపోయింది.

"నాయనా, కాలు నొస్తాది. కూర్చుందువు రా" అని చెయ్యి పట్టుకుంది.

ఆయన ఆమె వైపు తిరగలేదు.

"ఉండమ్మా. సూడనీ. ఇన్నేండ్లకు కనపడింది."